పగ్గాలు ఎవరి చేతిలో?

ఆవకాయలో ఎంత కారం వెయ్యాలన్న దాని మీద తప్ప మా ఇంట్లో పెద్ద వాదోపవాదాలు జరగవు. ఈ వేసవిలో మాత్రం మూడు రోజులపాటు ఒక చక్రం మీద జరిగాయి. విష్ణుచక్రం కాదులెండి. టీవీకి తగిలించి ఆడుకునే కార్ల పందెం ఆటకు కావలసిన స్టీరింగ్ చక్రం.

సెలవులకని మా అమ్మాయీ అల్లుడూ పిల్లలిద్దర్నీ వెంటబెట్టుకుని హైదరాబాదు నుంచి నేలకొండపల్లి వచ్చారు. బట్టల పెట్టెలతోపాటు ఆ ఆటపెట్టె కూడా దిగింది. నింటెండో స్విచ్ అంటారట. అందులో మారియో కార్ట్ అనే ఆట. టోపీలూ మీసాలూ ఉన్న బొమ్మలు చిట్టికార్లెక్కి పరుగులు తీస్తాయి. నలుగురు ఒకేసారి ఆడొచ్చు. టీవీ తెర నాలుగు వాటాలవుతుంది, ఎవరి వాటా వాళ్లదే. అన్నదమ్ముల పంపకాలు కూడా ఇంత సుళువుగా జరిగితే ఎంత బావుణ్ణు!

"వేళ్లతో మీటలు నొక్కుతుంటే ఏం మజా అత్తయ్యా? చేతిలో స్టీరింగ్ ఉండాలి" అన్నాడు మా అల్లుడు. అక్కడ మొదలైంది.

అతగాడి మనసు ఎప్పట్నుంచో ఒకదాని మీద ఉంది. లాజిటెక్ వాళ్ల జి29. అది 2015లో వచ్చింది. బల్లకు బిగించుకోవాలి. కింద అచ్చం కారులో ఉన్నట్టే క్లచ్చి, బ్రేకు, యాక్సిలరేటరు. చక్రం ఈ చివర నుంచి ఆ చివరకు రెండున్నర చుట్లు తిరుగుతుంది. లోపల మోటార్లుంటాయి. బొమ్మకారు మలుపులో జారితే చక్రం మన చేతుల్ని గుంజుతుంది, గతుకులో పడితే వణుకుతుంది. దీన్ని ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ అంటారని చెప్పాడు. స్నేహితుడి ఇంట్లో ఒకసారి పట్టుకుని చూశాడట. ఆ సంగతి చెబుతున్నప్పుడు అతని మొహం చూడాలి! పెళ్లిచూపుల్లో కూడా అంత వెలుగు లేదు. ధర పాతికవేల పైమాటే.

"నాన్నా, అది ప్లేస్టేషన్‌కి పనిచేస్తుంది గానీ మన స్విచ్‌కి కుదరదు" అన్నాడు మా మనవడు. వాడికి పదకొండేళ్లు. అంటే మూత నచ్చిందని కొత్త కుక్కరు కొన్నట్టన్న మాట.

పోనీ అంటే హోరి అనే కంపెనీ స్విచ్ కోసమే చేసిన చక్రం ఉంది. దానికీ పెడల్సున్నాయి, బల్లకు అంటుకుని కూర్చుంటుంది. మోటార్లు మాత్రం లేవు. చిక్కేమిటంటే దాంతో ఆడేది ఒక్కరే, మిగతావాళ్లు చూస్తూ కూర్చోవాలి. ఆరేళ్ల మా చిన్నది కుర్చీలో కూర్చుంటే దాని పాదాలు పెడల్సుకు జానెడు ఎత్తునే ఆగిపోతాయి.

మూడోది ప్లాస్టిక్ చక్రం. దాంట్లో ఏమీ ఉండదు. వైరు లేదు, మోటారు లేదు. జాయ్‌కాన్ అని అరచేతిలో ఇమిడే మీటలపెట్టె ఒకటి ఆటతోనే వస్తుంది, దాన్ని చక్రం నడుమ ఇరికించాలి. మనం ఎటు తిప్పామో కనిపెట్టేదీ, ఆటపెట్టెకు కబురందించేదీ ఆ జాయ్‌కానే. చక్రం ఉత్త డొల్ల. 1974లో అటారి వాళ్లు గ్రాన్ ట్రాక్ 10 అనే బిళ్ల వేసి ఆడే యంత్రానికి నిజం స్టీరింగూ గేరూ పెడల్సూ బిగించారు. 2008లో నింటెండో వాళ్లే వీ అనే యంత్రం కోసం లోపల ఏమీ లేని తెల్ల చక్రాన్ని ఇంటింటికీ పంపారు. ఇదేం అభివృద్ధో నాకు అప్పుడు బోధపడలేదు.

నా ఓటు ప్లాస్టిక్ చక్రాలకే వేశాను. వెల తక్కువని కాదు. ఇంటికి వస్తువు కొనేటప్పుడు ఎవరి కొలత తీసుకోవాలన్నది నాకు పాత బాధ. మా వంటగట్టు కట్టేటప్పుడు మేస్త్రి కొలతకని మావారి నడుము చూశాడు. ఆయన ఆ గట్టు దగ్గర ఒక్కనాడు నిలబడింది లేదు. ముప్ఫయ్యేళ్లుగా నేను పీటెక్కి పోపు వేస్తున్నాను. అందుకే అందరికన్నా పొట్టిదాని కాళ్లకు అందే వస్తువే కొందామన్నాను. అమ్మాయి నన్ను బలపరిచింది. అల్లుడు మర్యాదస్థుడు కనక నవ్వేసి ఊరుకున్నాడు గానీ, పాపం, మొహం చిన్నబోయింది.

నాలుగోనాడు కొరియరు అబ్బాయి ఎర్రదొకటి, నీలందొకటి, రెండు చక్రాలు తెచ్చిచ్చాడు. నా చేతిలో ఎర్రది పెట్టారు.

ఎలా చెప్పను! నా అరవై రెండేళ్ల జీవితంలో స్టీరింగ్ పట్టింది పదిహేను రోజులే. ఆ కథ తర్వాత చెబుతాను. చక్రం ఇటు తిప్పితే కారు ఇటు, అటు తిప్పితే అటు. ఎదురుగా లోయ, పక్కన నీళ్లు. ఎందులోనూ పడలేదు! మొదటి ఆటలో పన్నెండు కార్లలో ఆరోస్థానం, రెండో ఆటలో నాలుగు. మధిరలో ఉన్న మా చెల్లెలికి ఫోను చేసి మరీ చెప్పాను. రాత్రి అన్నాలు వడ్డిస్తూ కూడా నా మలుపుల గురించే మాట్లాడాను. ఉత్తరకుమారుడు అంతఃపురంలో కూర్చుని ఎంత మాట్లాడాడో నేనూ అంతే.

మర్నాడు చిన్నది నా ఒళ్లో కూర్చుని టీవీ వైపు వేలు పెట్టి, "అమ్మమ్మా, నీ కారు వెనకాల యాంటెన్నా ఉంది చూడు. అన్నయ్య కారుకి లేదు" అంది.

"అందంగా ఉందే, ఎందుకది?"

"అదుంటే కారు దానంతటదే రోడ్డు మీదుంటుంది. నువ్వు తప్పు తిప్పినా పడవు. నాకూ ఉంది!"

దాన్ని స్మార్ట్ స్టీరింగ్ అంటారట. 2017లో వచ్చిన మారియో కార్ట్ 8 డీలక్స్‌లో పెట్టారు, చిన్నపిల్లలూ కొత్తవాళ్లూ దారి తప్పి విసుగుచెందకుండా. కారు అంచుకు పోగానే ఆటే దాన్ని మళ్లీ రోడ్డు మీదికి తిప్పేస్తుంది. మనవడు నాకు తెలియకుండా అది వేసి ఉంచాడు. చక్రం డొల్ల అని తెలిసే కొన్నాను. తిప్పడం కూడా డొల్లేనని తెలియలేదు.

నవ్వొచ్చిందనుకుంటున్నారా? లేదు. ఆ పూట నాకు అన్నం సయించలేదు. బొమ్మలాటకు ఇంత రాద్ధాంతమా అని మావారు ఆశ్చర్యపోయారు. ఆయనకు తెలియాల్సిన కథే ఇది.

1994లో మేం మొదటిసారి కారు కొన్నప్పుడు నేనూ నేర్చుకుంటానన్నాను. ఖమ్మంలో ఒక డ్రైవింగ్ స్కూల్లో చేరాను. అలాంటి బళ్ల కార్లలో నేర్పేవాడి కాళ్ల దగ్గర కూడా ఒక క్లచ్చి, ఒక బ్రేకు ఉంటాయి. ఆ సంగతి నాకు తెలియదు, ఎవరూ చెప్పలేదు. పదిహేను రోజులూ బ్రహ్మాండంగా నడిపాను. ఎంత చక్కగా ఆపుతున్నానో అని నాకు నేనే మురిసిపోయేదాన్ని. పదహారో రోజు మా కారులో ఒక్కదాన్నే కూర్చుని మా గేటు దగ్గర ఆపబోతే అది ఆగలేదు. పిట్టగోడ కూలింది. ఇన్నాళ్లూ నేను ఆపాననుకున్న కారును ఆపింది ఆయన కాలు! మావారు పల్లెత్తు మాట అనలేదు. తాళంచెవి తీసి తన చొక్కాల వైపు కొక్కేనికి తగిలించారు. అది ఇవాళ్టికీ అక్కడే ఉంది.

ఆ మాస్టారు దుర్మార్గుడు కాదు. నన్ను కాపాడాడు. కానీ తాను కాపాడుతున్నట్టు నాకు చెప్పి ఉంటే, పదో రోజునైనా "ఇవాళ నా కాలు తీసేస్తున్నానమ్మా" అని ఉంటే, నేను ఈ ముప్ఫయ్యేళ్లూ మార్కెట్టుకు ఆటో కోసం నిలబడేదాన్నా? ఒకరికి తెలియకుండా చేసే సాయం వాళ్లకు చేసే మేలా, అన్యాయమా? మీరే చెప్పండి.

అలాగని పిల్లాణ్ణి కోప్పడే అర్హత నాకెక్కడిది? మా అమ్మాయి చిన్నప్పుడు వైకుంఠపాళీ ఆడుతుంటే, దాని కాయ పెద్దపాము నోట్లో పడబోతోందంటే నేను ఒక గడి ఎక్కువ లెక్కపెట్టేదాన్ని. అష్టాచెమ్మాలో చంపగలిగిన కాయను చూడనట్టు నటించి పక్క కాయను జరిపేదాన్ని. తల్లులందరం చేసేదే. గెలిచిన పిల్ల మొహం చూడ్డం కోసం ఎంత దొంగలెక్కయినా వేస్తాం. ఆ మాటకొస్తే ఈ మారియో కార్టూ తల్లిలాంటిదే. ముందున్నవాడి చేతిలో అరటితొక్కలూ నాణేలూ పెడుతుంది, వెనకబడ్డవాడికి ఒక్క ఊపున పదిమందిని దాటించే వరాలిస్తుంది. కాకపోతే అది అందరికీ తెలిసిన సంగతే, అందరి కళ్లెదుటా జరిగేదే.

మా ఊళ్లో దీని గురించి ఆలోచించకుండా ఉండడం కష్టం. ఇక్కడ విరాటరాజు గద్దె అని చెప్పుకునే దిబ్బ ఉంది. పాండవులు అజ్ఞాతవాసం చేసిన విరాటనగరం ఇదేనని మా పెద్దల నమ్మకం. తవ్వకాల్లో బయటపడింది బౌద్ధస్తూపం, అది వేరే సంగతి. నమ్మకం నమ్మకమే. ఇక్కణ్ణుంచే కదా ఉత్తరుడు రథమెక్కింది! పగ్గాలు బృహన్నల పట్టింది. కౌరవసేన కనబడగానే యువరాజు రథం దూకి పరుగో పరుగు. బృహన్నల జడా చీరా ఎగురుతుండగా వెంటపడి పట్టుకొచ్చి, జమ్మిచెట్టు దగ్గరికి తీసుకెళ్లి, తానెవరో చెప్పి, అప్పుడు పగ్గాలు ఉత్తరుడి చేతికిచ్చాడు. ఆ పిరికిపిల్లాడే భీష్మద్రోణుల ముందుకు రథం తోలాడు. సాయం చేసేవాడు ఎవరో తెలిశాకే వాడి చెయ్యి స్థిరపడిందని నాకనిపిస్తుంది.

అసలు ముచ్చట ఆ తర్వాతిది. గెలుపు నీదేనని చెప్పుకోమన్నాడు అర్జునుడు. ఇక్కడ తండ్రి కొడుకు గెలిచాడని ఊరంతా అలంకరింపజేసి మురిసిపోతున్నాడు. బృహన్నల తోడుంటే గెలవక ఏమవుతాడని కంకుభట్టు అన్నందుకు పాచికలు విసిరి అతని ముక్కు పగలగొట్టాడు. నెత్తురు నేల పడకుండా సైరంధ్రి పాత్ర పట్టాల్సొచ్చింది. అంతటి మురిపెంలో ఉన్న తండ్రి ముందు నిలబడి, గెలిచింది నేను కాదు, ఒక దేవకుమారుడు గెలిచిపెట్టాడని ఉత్తరుడు చెప్పాడు. పేరు దాచాడు గానీ గెలుపు వేసుకోలేదు. ప్రగల్భాలకు మారుపేరుగా వాడి పేరు వాడుతూ వచ్చాం. ఈ మాట ఎవరూ గుర్తుపెట్టుకోలేదు.

ఈ ఊరివాడే కంచర్ల గోపన్న. భక్త రామదాసు. రామలక్ష్మణులు మారువేషంలో వెళ్లి తానీషాకు బాకీ చెల్లించి రసీదు తెచ్చి ఆయన తలకింద పెట్టి పోయారని చెప్పే కథ మీకు తెలుసు. చెర విడిపోయింది. కానీ ఆయన ఏడ్చింది విడుదలైనందుకు కాదు. తానీషాకు కనబడ్డవాళ్లు తనకు కనబడకుండా పోయారని.

సాయంత్రం మనవణ్ణి పిలిచి అడిగాను. "ఎందుకు చెప్పలేదురా?"

"చెబితే నీకు మజా ఉండదు కదా అమ్మమ్మా. పడిపోతుంటే మానేస్తావేమోనని" అన్నాడు వాడు తలొంచుకుని. వాడి ప్రేమ తప్పుకాదు. నేను వైకుంఠపాళీలో వేసిన దొంగలెక్క నాకే తిరిగొచ్చింది, అంతే.

"తీసెయ్" అన్నాను.

వాడు ఆటను ఆపి, ఒక మీట మార్చాడు. యాంటెన్నా మాయమైంది. మొదటి మలుపులోనే ఇసుకలోకి పోయాను. రెండో మలుపులో నీళ్లలో పడ్డాను. కళ్లజోడు పెట్టుకున్న బొమ్మ ఒకటి గేలానికి తగిలించి నన్ను పైకి లాగి రోడ్డు మీద పెట్టింది. అరగంటలో ఆ బొమ్మకూ నాకూ బాగా పరిచయమైపోయింది. చక్రం ఎంత తిప్పితే ఎంత మళ్లుతుందో మొదటిసారి నా చేతులకు తెలిసింది.

అల్లుడు కోరుకున్న చక్రం ఎందుకంత ప్రియమైనదో నాకు అప్పుడర్థమైంది. అది పొగడదు. దారి తప్పితే నీ చేతిని గుంజి మరీ చెబుతుంది. దుబారా అని తీసిపారేశాను గానీ, అతను అడిగింది ఆడంబరం కాదు. ఆ మాటే అతనితో అన్నాను. "మీ ఇంట్లో మీ గదికి అది కొనుక్కో బాబూ, తప్పులేదు. ఇక్కడ నలుగురం కూర్చుని ఆడుకోడానికి మాత్రం ఈ డొల్లచక్రాలే ఇంకో రెండు తెప్పించు." అమ్మాయి నా వంక గుర్రుగా చూసింది. దాని బాధ దానిది, పాతికవేలు కదా!

చిన్నది మాత్రం తన యాంటెన్నా తియ్యనివ్వలేదు. "నేనింకా చిన్నదాన్ని" అంది ధీమాగా. ప్రతి పందేనికీ ముందు చెయ్యెత్తి "నాకు యాంటెన్నా ఉంది!" అని అందరికీ ప్రకటించి మరీ మొదలుపెడుతుంది. మూడో స్థానం వస్తే "నేనూ యాంటెన్నా కలిసి" అంటుంది. దానికి ఎవరు నేర్పారో!

నిన్న రాత్రి పన్నెండు కార్లలో పన్నెండోదాన్నయ్యాను. మావారు ఇంతవరకూ పేపరు చాటు నుంచి చూస్తున్నవారల్లా నెమ్మదిగా వచ్చి నా పక్కన కూర్చున్నారు. నా చేతిలోంచి ఎర్రచక్రం తీసుకుని, అటూ ఇటూ చూసి, మనవడి చెవిలో ఏదో గొణిగారు. వాడు మీట నొక్కాడు.

"తాతయ్యకి యాంటెన్నా!" అని చిన్నది ఇల్లెగిరిపోయేట్టు అరిచింది.