ఇంట్లో ప్రార్థించుకుంటే చాలదా?

మా ఆశ్రమ పాఠశాలలో తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి ఒక ఆదివారం మమ్మల్ని అడిగింది: "సార్, దేవుడు అన్నిచోట్లా ఉంటాడంటారు కదా. మంచం మీద కూర్చుని ప్రార్థన చేసుకుంటే చాలదా? గుడికెందుకు పోవాలి?"

ఆ పిల్లది క్రైస్తవ కుటుంబం. అక్కడున్న ముగ్గురు టీచర్లమూ కోయ క్రైస్తవులమే. అయినా వెంటనే జవాబు చెప్పలేకపోయాం. "పెద్దలు చెప్పారు కాబట్టి పోవాలి" అంటే పిల్ల ఊరుకునేది. కానీ అది జవాబు కాదని మాకూ తెలుసు. కొన్నాళ్ళు మాలో మేం మాట్లాడుకున్నాక తోచింది ఇక్కడ రాస్తున్నాం.

ఒంటరి ప్రార్థన తక్కువది కాదు. యేసు కొండ మీదికి ఒక్కడే వెళ్ళి ప్రార్థించాడని సువార్తలు చెబుతున్నాయి. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని ప్రార్థించమని మత్తయి సువార్త ఆరో అధ్యాయంలో ఆయనే చెప్పాడు. అయితే అదే అధ్యాయంలో ఆయన నేర్పిన ప్రార్థన దేవుణ్ణి 'మా తండ్రీ' అని పిలవడంతో మొదలవుతుంది. 'నా' అన్న మాట అందులో ఎక్కడా లేదు. ఆహారం అడిగినా 'మాకు', క్షమాపణ అడిగినా 'మాకు'. తలుపు వేసుకున్న మనిషి కూడా పక్కింటివాళ్ళ అన్నం కోసం అడగాల్సిందే.

మన భాష సంగతి చూడండి. చిన్నప్పుడే పట్నం హాస్టల్‌కు వెళ్ళిన పిల్లలు కొన్నేళ్ళకు గూడేనికి వస్తే, అవ్వ కోయలో అడిగినదానికి తెలుగులో జవాబిస్తారు. భాషను వదిలెయ్యాలని వాళ్ళు ఏనాడూ అనుకోలేదు. మాట్లాడే తోడు లేక అది నాలుక మీది నుంచి జారిపోయింది. విశ్వాసం కూడా అలాగే జారిపోవడం మేం చూశాం. ఒకరోజు కూర్చుని "ఇక నేను నమ్మను" అని తేల్చుకున్నవాళ్ళు మాకు పెద్దగా కనబడలేదు. ఒక ఆదివారం చేను పని, ఇంకో ఆదివారం సంత, తర్వాత అలవాటు తప్పిపోయింది. అంతే.

మొదటి తరాల క్రైస్తవులకు గుడి కట్టడాలు లేవు. ఇళ్ళలోనే కూడేవారు. ఫిలేమోను ఇంట్లో కూడే సంఘానికి కూడా పౌలు తన ఉత్తరంలో వందనాలు చెప్పాడు. క్రీ.శ. 112 ప్రాంతంలో, ఇప్పటి టర్కీలోని బితూనియలో ప్లినీ అనే రోమా అధికారి ఉండేవాడు. ఆయన ట్రాజన్ చక్రవర్తికి రాసిన ఉత్తరం ఇప్పటికీ ఉంది. క్రైస్తవులు నియమించుకున్న రోజున తెల్లవారకముందే కూడి క్రీస్తును స్తుతిస్తూ పాడేవారని, దొంగతనం చెయ్యమని, మాట తప్పమని ఒట్టు పెట్టుకునేవారని అందులో ఉంది. క్రైస్తవులమని చెప్పి వెనక్కి తగ్గనివాళ్ళకు ఆ అధికారి మరణశిక్ష వేయించాడు. ఇంట్లో మౌనంగా ప్రార్థించుకునేవాణ్ణి ఎవరు పట్టుకుంటారు? అయినా వాళ్ళు కూడారు. ఒట్టు నిలబడాలంటే వినేవాళ్ళు, తప్పితే అడిగేవాళ్ళు ఉండాలి కదా.

అలాగని గుడికి వెళ్ళినంత మాత్రాన సరిపోతుందని అనలేం. కొరింథులో సంఘం కూడినప్పుడు ఉన్నవాళ్ళు ముందే తిని తాగేవారు, లేనివాళ్ళు ఆకలితో మిగిలేవారు. మీరు కూడటం వల్ల మేలు కంటే కీడే ఎక్కువని పౌలు వాళ్ళను మందలించాడు. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు, పేదవాడికి కాళ్ళ దగ్గర చోటు చూపించే సంఘాన్ని యాకోబు తన పత్రికలో తప్పుపట్టాడు. ఇవాళ మన గూడేల్లోనూ కానుకల లెక్క అడిగితే కోపం తెచ్చుకునే పెద్దలున్నారు. చిన్న గూడెంలో మూడు సంఘాలై ఒకరితో ఒకరు మాట్లాడనివాళ్ళున్నారు. ఇవన్నీ చూసే యువకులు గుడికి దూరమవుతున్నారు. వాళ్ళ కోపంలో న్యాయముంది.

అయినా ఎందుకు వెళ్ళాలి? మా గూడెంలో జరిగింది చెబుతాం. పోడు చేను గట్టు దగ్గర రెండు కుటుంబాలకు తగాదా వచ్చింది. రెండూ మా సంఘంవే. మాకు పాస్టరు గారు నెలకొకసారే వస్తారు, మిగతా ఆదివారాలు ఉపదేశి గారు ఆరాధన నడిపిస్తారు. ప్రభువు బల్ల తీసుకునే ఆదివారం ఒకాయన లోపల చాప మీద కూర్చున్నాడు. రెండో ఆయన బయట చింతచెట్టు కిందే నిలబడిపోయాడు. కానుక తెచ్చినప్పుడు సహోదరుడితో ఉన్న తగాదా గుర్తొస్తే, దాన్ని అక్కడే పెట్టి ముందు వెళ్ళి రాజీపడమని యేసు చెప్పిన భాగాన్ని ఉపదేశి గారు చదివారు. ఎవరి పేరూ ఎత్తలేదు. తర్వాతి పాట అయ్యేలోపు లోపలాయన లేచి బయటికి వెళ్ళాడు. కాసేపటికి ఇద్దరూ కలిసి వచ్చారు. గట్టు సంగతి ఆ రోజు తేలలేదు. తర్వాత పెద్దమనుషుల ముందు కొలిచి తేల్చుకున్నారు. కానీ ఆ రోజు ఇద్దరూ ఒకే గిన్నెలోంచి తీసుకున్నారు. ఆ నెలంతా చెరో పక్కా చేరి మాట్లాడిన మేం తల దించుకున్నాం.

ఇంట్లోనే ప్రార్థించుకుని ఉంటే ఆ ఇద్దరికీ ఒకరి ముఖం ఒకరు చూసుకునే అవసరం వచ్చేది కాదు. పడనివాళ్ళను వదిలేసి దేవుణ్ణి మాత్రం ప్రేమిస్తున్నామనుకోవడం తేలిక. గుడిలో ఆ వీలుండదు. పక్కన ఎవరు కూర్చోవాలో మనం ఎంచుకోలేం.

2020లో లాక్‌డౌన్ వచ్చి గుళ్ళు మూసినప్పుడు ఫోన్లలో ఆరాధన విన్నాం. సిగ్నల్ కోసం గుట్ట ఎక్కేవాళ్ళం. తర్వాత కొందరికి అదే బాగుందనిపించింది. కానీ గుట్ట ఎక్కలేని, ఫోను లేని ఒక అవ్వ ఆ నెలల్లో దేనికీ నోచుకోలేదు. గుడి తెరిచిన రోజు ఆమె అందరికంటే ముందు వచ్చి కూర్చుంది. మాకు ఫోనులో ప్రసంగం దొరికింది గానీ, ఆమె లేని లోటు మాకు తెలియనే లేదు. జబ్బుతో మంచం పట్టినవాళ్ళు, ఆదివారం డ్యూటీ ఉన్నవాళ్ళు రాలేకపోతే అది వాళ్ళ విశ్వాసంలో లోపం కాదు. అలాంటప్పుడు సంఘమే వాళ్ళ దగ్గరికి వెళ్ళాలి. రానివాళ్ళెవరో తెలియాలంటే ముందు మనం అక్కడ ఉండాలి.

ఇది మనకు కొత్త పాఠం కాదు. కొత్తల పండుగ ఊరంతా కలిసి చేసుకోనిదే కొత్త పంట ముట్టకూడదని మన పెద్దలు నియమం పెట్టుకున్నారు. అన్నం వండే ముందు పిడికెడు బియ్యం తీసి గుడి కోసం దాచే ఆడవాళ్ళు మన సంఘాల్లో ఉన్నారు. ఆ పిడికిళ్ళన్నీ ఒకచోట పోస్తేనే ఇంకొకరి కడుపు నిండుతుంది. అందుకే ఇంకో మాట కూడా చెప్పాలి. గుడికి వెళ్ళేవాళ్ళు ఊరికి దూరమైతే ఈ పాఠం సగమే నేర్చుకున్నట్టు. గుడికి రాని ఇంట్లో చావు జరిగినా పాడె మోయడానికి మన భుజం ఉండాలి.

ఆ అమ్మాయికి చివరికి ఇలా చెప్పాం: "మంచం మీద ప్రార్థన చేసుకో అమ్మా, మానవద్దు. దేవుడు వింటాడు. కానీ ఆదివారం గుడికి కూడా వెళ్ళు. నీ పక్కన ఎవరు కూర్చున్నారో, ఎవరు రాలేదో చూడు. రానివాళ్ళ ఇంటికి ఒకసారి వెళ్ళి రా."