తీర్పు దినాన మన తరఫున వాదించేదెవరు?

బేగంబజార్‌లో కిరాణా సరుకుల టోకు వ్యాపారం చేసే ఒక పెద్దాయన ఓ రాత్రి ఇషా నమాజు తర్వాత మమ్మల్ని పక్కకు పిలిచారు. ఆయన ముఖం వాడిపోయి ఉంది. కొడుకు స్నేహితుల విందులో తాగి, కారు నడుపుకుంటూ వస్తూ తోపుడుబండిని గుద్దాడట. ఓ హమాలీ కాలు విరిగింది. కొడుకు భయపడి కారు అక్కడే వదిలేసి ఇంటికి పారిపోయి వచ్చాడు.

“మౌలానా సాబ్, మంచి వకీలును పెట్టుకోవచ్చా?” అని అడిగారు. కాసేపు ఆగి, తల దించుకుని, “కారు నడిపింది మా గోదాము డ్రైవరని చెప్పిద్దామంటున్నారు మావాళ్ళు. అతను తాగడు కదా, తాగిన కేసే ఉండదంటున్నారు” అన్నారు.

సోదరులారా! ఇవి రెండు వేర్వేరు ప్రశ్నలు. రెంటికీ ఒకే జవాబు చెల్లదు.

మొదటిదానికి జవాబు: పెట్టుకోవచ్చు. రుజువు లేనిదే శిక్ష లేదన్నది ఇస్లాం నేర్పిన న్యాయం. తన నేరాన్ని తానే ఒప్పుకుంటూ వచ్చిన మనిషి విషయంలో కూడా దైవప్రవక్త (సఅసం), ఇతను తాగి మాట్లాడుతున్నాడా అని విచారించారు. ఒకరు లేచి అతని నోటి వాసన చూశారని హదీసులో ఉంది. మన దేశ చట్టమూ రుజువు అడుగుతుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉన్నట్లు పరీక్షలో తేలాలి. ఈ నేరం కింద అరెస్టయిన వ్యక్తికి రెండు గంటల్లోగా వైద్య పరీక్ష జరగాలి. లేకుంటే అతన్ని విడిచిపెట్టాలి. ఇవన్నీ సరిగా జరిగాయా అని వకీలు నిలదీస్తే అందులో పాపం లేదు. అమాయకుడు శిక్షకు గురి కాకుండా కాపాడే కంచె అది.

అయితే ఒక మాట. చట్టం గీసిన గీత 30 మిల్లీగ్రాముల దగ్గర ఉంది. షరీఅత్ గీసిన గీత మొదటి చుక్క దగ్గరే ఉంది. కోర్టులో కేసు కొట్టేసినంత మాత్రాన అల్లాహ్ దగ్గర తౌబా అవసరం తీరిపోదు.

ఇక రెండో ప్రశ్న. మదీనాలో ఒకతను కవచం దొంగిలించి, ఆ నేరాన్ని ఒక యూదుని మీదికి నెట్టాడు. అతని వంశస్థులు దైవప్రవక్త (సఅసం) వద్దకు వచ్చి తమవాడి తరఫున గట్టిగా వాదించారు. అప్పుడు సూరె అన్‌నిసా ఆయతులు అవతరించాయని వ్యాఖ్యాతలు రాశారు. ద్రోహుల కొమ్ము కాయవద్దని అల్లాహ్ అందులో ఆదేశించాడు. ఇక్కడ వారి తరఫున మీరు వాదించారు సరే, ప్రళయదినాన వాదించేదెవరని నిలదీశాడు. ఆ యూదుని నిర్దోషిత్వాన్ని ఖుర్ఆనే చాటింది. మనవాడు, పరాయివాడు అన్న తేడా న్యాయానికి లేదు.

గోదాము డ్రైవరుకు ఇచ్చే జీతం అతని చెమటకు ప్రతిఫలం. దానితో అతని పరువునూ స్వేచ్ఛనూ కొనలేము. అతనికీ భార్యాపిల్లలున్నారు. యజమాని మాట కాదనలేక అతను తల ఊపితే అది అంగీకారం కాదు, నిస్సహాయత.

తాగి నడిపే బండి కింద పడేది ఎక్కువగా పేదవాడే. 2006లో ముంబయిలో ఒక యువకుడు తాగి నడిపిన కారు, ఫుట్‌పాత్ మీద నిద్రిస్తున్న కూలీల మీదికెక్కి ఏడుగురి ప్రాణాలు తీసింది. అతనికి పడిన మూడేళ్ళ జైలుశిక్షను 2012లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. మన బేగంబజార్‌లో, అఫ్జల్‌గంజ్‌లో రాత్రిపూట అరుగుల మీద పడుకునే హమాలీలు ఎందరో మనం చూడటం లేదా?

మేము ఆ తండ్రితో ఇలా అన్నాం: “వకీలును పెట్టండి. కాని అబద్ధాన్ని పెట్టకండి. ముందు ఆ హమాలీ దగ్గరికి వెళ్ళండి. అతని వైద్యం ఖర్చు, పని పోయిన రోజుల కూలి మీ బాధ్యత. అవి తోటి మనిషి హక్కులు. అతను మన్నించనిదే అవి మాఫీ కావు. కొడుకును తిట్టి ఇంట్లోంచి గెంటేయకండి. తాగినవాణ్ణి శపించిన వారితో, మీ సోదరునికి వ్యతిరేకంగా షైతానుకు సాయపడకండని దైవప్రవక్త (సఅసం) చెప్పారు కదా!”

ఆయన చాలాసేపు మౌనంగా కూర్చున్నారు. “జైలుకు పోతే ఎలా మౌలానా?” అన్నారు చివరికి. ఏ తండ్రికైనా ఆ భయం సహజమే. పోడని మేము హామీ ఇవ్వలేకపోయాం. న్యాయానికి మనం సాక్షులుగా నిలవాలి. అది మనకూ, మన తల్లిదండ్రులకూ, బంధువులకూ వ్యతిరేకమైనా సరే. ఖుర్ఆన్ ఆజ్ఞ ఇదే. ఆ ఆజ్ఞ తేలికైనదని మేము చెప్పలేదు.

మరునాడు తండ్రీకొడుకులు ముందు ఆస్పత్రికి, అక్కడి నుంచి ఠాణాకు వెళ్ళారు. వకీలు వెంట ఉన్నాడు. గోదాము డ్రైవరు మాత్రం ఎప్పటిలాగే సరుకు దించుతూ గోదాములోనే ఉన్నాడు.

మన నోళ్ళకు ముద్ర వేయబడి, చేతులు మాట్లాడి, కాళ్ళు సాక్ష్యమిచ్చే దినం ఒకటుంది. స్టీరింగు పట్టిన చేయి ఎవరిదో అక్కడ మార్చి చెప్పడం కుదరదు. ఆ దినానికి ముందే సత్యం పలికే ధైర్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.