గంగమ్మ ఎక్కడ పుట్టింది?

తిరుపతిలో మే నెల, తాతయ్యగుంట గంగమ్మ జాతర రోజులు. వైద్యం చదివే మనవడికీ, ఒకప్పుడు ఊరూరా తిరిగి టీకాలు వేసిన అవ్వకీ మాటామాటా పెరిగింది.

మనవడు: గంగమ్మ పుట్టుకలో రహస్యమేముంది అవ్వా? ఎండాకాలం, మశూచి, భయం. ఒళ్లంతా పొక్కులు ఎందుకు లేస్తున్నాయో తెలియక అమ్మవారన్నారు.

అవ్వ: ఎందుకో తెలియదు, నిజమే. పాకుతుందని మాత్రం తెలుసు. గుమ్మానికి వేపమండలు కట్టిన ఇంటి గడప ఎవరూ తొక్కేవాళ్లు కాదు. ఆ ఇంట్లో తాలింపు ఉండదు, చల్లనివే పెడతారు. రోగిని వేరుగా ఉంచాలని నువ్వు పుస్తకంలో చదివావు. వాళ్లు అమ్మ పేరు చెప్పి ఉంచారు.

మనవడు: ఆ అమ్మ పేరు చెప్పే టీకా వద్దన్నారు కదా!

అవ్వ: అన్నారు. అమ్మకు కోపమొస్తుందని పిల్లల్ని దాచేసిన ఇళ్లు చూశాను. ఆ నమ్మకం ప్రాణాలు కూడా తీసింది. దాన్ని వెనకేసుకు రాను.

మనవడు: అయితే ఓడిపోయినట్టే.

అవ్వ: తొందరపడకు. మన దేశంలో చివరి మశూచి కేసు 1975లో. 1980కి ప్రపంచంలోనే లేదని ప్రకటించారు. నీ లెక్కన జాతర ఎప్పుడో ఆగిపోవాలి. ఆగిందా?

మనవడు: అలవాటు.

అవ్వ: మరి గంగమ్మ కథలో పాలెగాడెందుకున్నాడు? పెళ్లయిన ప్రతి ఆడపిల్లా ముందు తన దగ్గరికే రావాలన్నవాడు. గంగమ్మ మీదే చెయ్యి వేశాడు. ఆమె అసలు రూపం చూసి పారిపోయి దాక్కున్నాడు. బైరాగి, బండ, తోటి అని రోజుకో వేషంలో వెతికింది. దొర వేషం కట్టేసరికి, ఎవరో దొరగారనుకుని బయటికొచ్చాడు. తల తెగింది. ఇందులో వైరస్ ఎక్కడుంది రా?

(కుర్రాడు కాసేపు మాట్లాడలేదు. ఈ ప్రశ్న చాలా పుస్తకాలకూ ఇబ్బందే.)

మనవడు: రెండు కథలు అతుక్కున్నాయేమో.

అవ్వ: ఏది ముందో నేను చెప్పలేను. ఎండ, రోగం, వాన కోసం ఎదురుచూపు బయటి నుంచి వచ్చాయి. కానీ ఎండకు పంతం ఉండదు, పగ ఉండదు. అవి మనుషుల్లో చూసి పెట్టినవే. ఒళ్లు కాల్చే వేడినీ, అవమానపడిన ఆడదాని కోపాన్నీ ఒకే తల్లిలో చూశారు.

మనవడు: అది నీ ఊహ.

అవ్వ: ఊహే. నీ భయం సిద్ధాంతం మాత్రం శాసనంలో దొరికిందా? జాతరలో మగవాళ్లు చీర కట్టి, పూలు పెట్టుకుని ఎందుకు తిరుగుతారో అది చెప్పలేదు.

మనవడు: ఒకరోజు చీర కట్టినవాడు మర్నాడు ఇంట్లో పాలెగాడు కాడా?

అవ్వ: కొందరవుతారు. జాతర ఏటా చేసేది ఊరికేనా?

తీర్పు చెప్పమంటే నేను అవ్వ పక్షమే. గంగమ్మను మశూచి ఖాతాలో మాత్రమే రాసేసే పండితులు పాలెగాడి లెక్క కూడా చెప్పాలి.