రాతిమీద లేని పేర్లు

చదువవలసిన భాగములు: యెహోషువ 4వ అధ్యాయము, యోహాను 10:1-16



యొర్దాను దాటిన తరువాత యెహోషువ పండ్రెండు రాళ్లను గిల్గాలులో నిలువబెట్టించెను. పిల్లలు ఈ రాళ్లెందుకని అడిగినప్పుడు, దేవుడు చేసిన కార్యమును తండ్రులు వారికి చెప్పవలెను. రాయి తనంతట తాను మాటలాడదు. దాని ప్రక్కను చెప్పువాడొకడు ఉండవలెను.

రష్యా దేశమందలి మాస్కో నగరములో ఇట్టి జ్ఞాపకార్థ మందిరమొకటి కలదు. 1812లో ఫ్రెంచి చక్రవర్తియైన నెపోలియన్ మహా సైన్యముతో ఆ దేశముమీదికి దండెత్తెను. మాస్కో చాలవరకు కాలిపోయెను. అయితే యుద్ధము, ఆకలి, చలి ఆ సైన్యమును నశింపజేసెను. శత్రువు వెడలిపోయిన ఆ డిసెంబరులోనే అలెగ్జాండరు చక్రవర్తి, దేవునికి కృతజ్ఞతగాను, మృతుల జ్ఞాపకార్థముగాను, రక్షకుడైన క్రీస్తు పేరట దేవాలయము కట్టింతునని ప్రకటించెను. ఒక కొండమీద వేసిన మొదటి పునాదిని విడిచిపెట్టవలసి వచ్చెను. 1839లో మాస్కో నది యొడ్డున మరల పునాదిరాయి వేసిరి. 1883లో, ఆయన తరువాత మూడవ చక్రవర్తి కాలమున, ఆర్తడాక్సు సంఘమువారు దానిని ప్రతిష్ఠించిరి. అది 100 మీటర్లకు పైగా ఎత్తుగల మందిరము.

లోపలి నడవ గోడలకు చలువరాతి పలకలు అమర్చిరి. జరిగిన యుద్ధములను, వాటిలో పడిపోయిన అధికారుల పేర్లను వాటిమీద చెక్కిరి. సామాన్య సిపాయిల విషయమైతే, ఇంతమంది అని లెక్క మాత్రమే వ్రాసిరి. వారిలో అనేకులు భూస్వాముల క్రింద వెట్టిచేయుచు, పల్లెలనుండి సైన్యమునకు పంపబడిన రైతుబిడ్డలు. ప్రాణము అందరును సమానముగానే ఇచ్చిరి. పేరు మాత్రము కొందరికే దక్కెను. ఆ మంచులో ఫ్రెంచి తల్లుల కుమారులును పడియుండిరి. వారికి ఆ గోడమీద చోటు లేదు.

1931 డిసెంబరు 5న సోవియట్ ప్రభుత్వము ఆ మందిరమును మందుగుండుతో కూల్చివేసెను. ఆ స్థలమున లెనిన్ విగ్రహము శిఖరముగా గొప్ప సౌధము కట్ట మొదలుపెట్టిరి. 1941లో యుద్ధము రాగా పని ఆగిపోయెను. నిలిపిన ఇనుమును యుద్ధావసరములకై విప్పిరి. 1960లో అక్కడ ఈతకొలను తెరచిరి. ముప్పది సంవత్సరములకు పైగా జనులు ప్రార్థనాస్థలములో ఈతలాడిరి. సోవియట్ రాజ్యము గతించిన తరువాత, మందిరమును తిరిగి కట్టి, 2000 ఆగష్టు 19న ప్రతిష్ఠించిరి. పలకలను మరల అమర్చిరి.

సహోదరులారా, చక్రవర్తి రాళ్లు కూలెను. వాటిని కూల్చినవారి సౌధము లేవనే లేదు. రాళ్లు పగిలిననాడు అధికారి పేరును, సిపాయి లెక్కయు ఒక్కటిగానే పొడియాయెను. మనుష్యులు వ్రాసిన జ్ఞాపకము ఇంతటిదే. మంచి కాపరియో తన మందను తలలు లెక్కించి కాదు, పేరు పేరున ఎరుగును. ఆయన యొద్ద లెక్కలో కలిసిపోయినవాడు ఎవడును లేడు.

మన సమాధుల తోటలో రాయి లేని మట్టిదిబ్బలు ఎన్నో ఉన్నవి. మీ బిడ్డను అక్కడికి తీసికొనిపోయి, అక్కడ నిద్రించుచున్న ఒకరి పేరు చెప్పుడి. వారియెడల దేవుడు చేసిన మేలు వివరించుడి. శత్రువు బిడ్డయు ఆ కాపరికి తెలిసినవాడేయని కూడ చెప్పుడి. మనము నిలుపగల జ్ఞాపకపు రాయి అదియే. ఆమేన్.