జైల్లో కలం, మన నాలుగో శీలం



ఆదివారం విహారంలో వందన చేసేటప్పుడు పంచశీలలో నాలుగోది అందరం గొంతు కలిపి పలుకుతాం, అబద్ధం ఆడను అని. దీక్షాభూమిలో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లోనూ ఈ మాట ఉంది. పలకడం తేలికే. ఇంటికి వెళ్లాక మాత్రం ఒక్క ప్రశ్న వేసుకోండి. ఎక్కడో ఒక మనిషి తాను నిజమనుకున్నది రాశాడు. రాసినందుకు అతన్ని జైల్లో పెట్టారు. ఆ సంగతి నాకు తెలుసు. నేను ఏ అబద్ధమూ ఆడలేదు, ఊరుకున్నానంతే. నా నాలుగో శీలం నిలిచినట్టేనా?

నిలవలేదనే నా వాదన. ఎందుకో చెబుతాను. ఒప్పుకోకపోతే వాదించండి, మన దారిలో వాదనకు చోటుంది.

నోట్లో ఇరుక్కున్న రాయి

'నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది' అని సామెత. ఈ సామెత వాడవాళ్లకు చెప్పినంతగా ఊరివాళ్లకు ఎవరైనా చెప్పారా? మన పెద్దల విషయంలో మంచి నోరంటే మూసుకున్న నోరే. సమ్యక్ వాక్కును కూడా కొందరు ఇలాగే అర్థం చేసుకుంటున్నారు. మెత్తగా మాట్లాడాలి, ఎవరి మనసూ నొప్పించకూడదు, గొడవల్లోకి పోకూడదు, అంతే అనుకుంటున్నారు.

బుద్ధుడు అంతమాత్రమే చెప్పలేదు. అభయ రాజకుమారుడు ఆయన్ని ఇరికించాలని ఒక ప్రశ్న తెచ్చాడు. ఎదుటివాళ్లకు చేదుగా ఉండే మాట తథాగతుడు అంటాడా, అనడా అని. అప్పుడు ఆ రాజకుమారుడి ఒడిలో ఓ పసిబిడ్డ ఉంది. ఈ బిడ్డ రాయో పుల్లో నోట్లో పెట్టుకుంటే ఏం చేస్తావని బుద్ధుడు తిరిగి అడిగాడు. రక్తం వచ్చినా సరే వేలు పెట్టి తీసేస్తాను, బిడ్డ మీద జాలితోనే తీస్తాను అన్నాడు రాజకుమారుడు. మాట కూడా అంతేనన్నాడు బుద్ధుడు. అబద్ధమైతే అనకూడదు. నిజమైనా పనికిరానిదైతే అనకూడదు. నిజమూ, మేలు చేసేదీ అయితే, వినడానికి చేదైనా సరే, సమయం చూసి అనాలి.

అంటే కరుణ అప్పుడప్పుడు రక్తం వచ్చేటట్టు వేలు పెడుతుంది. సమాజం గొంతులో ఇరుక్కున్న రాయిని తీయడానికి వేలు పెట్టినవాడే రచయిత. ఆ వేలు నరకడానికి కత్తి లేస్తే పక్కన నిలబడి చూసేవాడు అబద్ధం ఆడకపోవచ్చు. రాయి మాత్రం బిడ్డ గొంతులోనే ఉండిపోతుంది.

బుద్ధుడి పేరు మీదే

ఇక మనకు నొప్పి కలిగించే మాటతోనే మొదలుపెడదాం. రచయితల్ని జైల్లో పెట్టేది ఇతర మతాలవాళ్లే అనుకోకండి.

శ్రీలంకలో శక్తిక సత్కుమార అనే సింహళ రచయిత ఉన్నాడు. బౌద్ధ సంఘంలో జరిగే లైంగిక వ్యవహారాలను సూచిస్తూ 'అర్ధ' అనే కథ రాసి ఫేస్‌బుక్‌లో పెట్టాడు. కొందరు భిక్షువులు ఫిర్యాదు చేశారు. 2019 ఏప్రిల్ 1న పోలీసులు అరెస్టు చేశారు. బెయిలు రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఏ చట్టం కిందనుకున్నారు? పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికను అమలు చేయడానికని 2007లో తెచ్చుకున్న చట్టం కింద. హక్కుల కోసం కట్టిన ఇంట్లోనే బందీఖానా తెరిచారు. 2021లో కేసు ఎత్తేశారు. పోయిన నాలుగు నెలలు ఎవరిస్తారు?

మయన్మార్‌లో టిన్ లిన్ ఊ అనే రచయిత 2014లో ఒక సాహిత్య సభలో మాట్లాడాడు. బౌద్ధాన్ని జాతి ద్వేషానికి వాడుకోకండి, బుద్ధుడు బర్మావాడేమీ కాదు గదా అన్నాడు. మతాన్ని అవమానించాడని 2015లో రెండేళ్ల కఠిన శిక్ష వేశారు. బుద్ధుడు చెప్పినదాన్ని గుర్తుచేయడం బుద్ధుడికి అవమానమట! ఆ దేశంలోనే ముస్లింల మీద విషం కక్కుతూ తిరిగిన విరాతు అనే భిక్షువుకు 2023లో సైనిక పాలకులు బిరుదిచ్చి సత్కరించారు.

2021 ఫిబ్రవరిలో సైన్యం అధికారం లాక్కున్న తర్వాత సంగతి ఇంకా ఘోరం. కె జా విన్ ఒకప్పుడు భిక్షువు, తర్వాత కవి. మార్చి 3న మోనివా పట్టణంలో ఊరేగింపు మీద జరిగిన కాల్పుల్లో చనిపోయాడు. ఖెట్ థీ ఇంజినీరు ఉద్యోగం వదులుకుని, కవిత్వం రాసుకుంటూ, ఐస్‌క్రీములూ కేకులూ అమ్ముకుని బతికిన మనిషి. మే నెలలో విచారణకని తీసుకుపోయారు. మర్నాడు భార్యకు శవాన్ని అప్పగించారు.

ఇక్కడ బ్రహ్మజాల సుత్తం గుర్తుచేసుకోవాలి. రాజగృహం నుంచి నలంద వెళ్లే దారిలో సుప్పియుడనే పరివ్రాజకుడు బుద్ధుణ్ణీ, ధమ్మాన్నీ, సంఘాన్నీ నోటికొచ్చినట్టు తిట్టాడు. భిక్షువులు ఆ సంగతే మాట్లాడుకుంటున్నారు. బుద్ధుడు వాళ్లకేం చెప్పాడు? నన్ను తిడితే కోపం తెచ్చుకోకండి. కోపం వస్తే అవతలివాడు అన్నది తప్పో ఒప్పో తెలుసుకునే శక్తి మీకే పోతుంది. తప్పయితే ఇది తప్పు, ఇందుకు తప్పు అని విప్పి చెప్పండి. ఆయన చెప్పిన సారాంశం ఇది. ఠాణాకు పొమ్మనలేదు. కథకు జవాబు కథ, వాదనకు జవాబు వాదన. బౌద్ధులమని చెప్పుకునేవాళ్లు రచయితను జైలుకు పంపిన రోజున బౌద్ధులుగా మనం నోరు విప్పకపోతే ఆ పని మన పేరు మీద కూడా జరిగినట్టే.

జనం భాషలో రాస్తేనే జైలు

కెన్యా రచయిత గూగీ వా థియాంగో 1977లో పాలకుల్ని ఎండగడుతూ ఇంగ్లీషులో నవల అచ్చువేశాడు. ఎవరూ ముట్టుకోలేదు. అదే ఏడాది కమిరీతు అనే ఊళ్లో రైతుల చేత, కూలీల చేత వాళ్ల గికుయు భాషలో నాటకం ఆడించాడు. నాటకాన్ని ఆపేశారు, ఏడాది చివర్లో అతన్ని పట్టుకుపోయారు. విచారణ లేకుండా దాదాపు ఏడాది జైల్లో ఉంచారు. అక్కడ టాయిలెట్ కాగితాల మీద గికుయులోనే ఒక నవల రాశాడు. ఆ నవలను వరవరరావు తాను జైల్లో ఉండగా తెలుగు చేశారు. ఒక జైల్లో పుట్టిన పుస్తకం ఇంకో జైలు గుండా మన భాషలోకి వచ్చింది.

ఈ సంగతి మనకు కొత్త కాదు. బుద్ధవచనాన్ని ఛందస్సులోకి మారుద్దామని బ్రాహ్మణ కులంలో పుట్టిన ఇద్దరు భిక్షువులు అడిగితే బుద్ధుడు వద్దన్నాడు. ఎవరి భాషలో వాళ్లు నేర్చుకోవాలన్నాడు. జ్ఞానం పండితుల మధ్య ఉన్నంతసేపు ఏ రాజుకూ భయం ఉండదు. కూలివాడి చెవిన పడితేనే భయం.

ఎరిత్రియాలో దావిత్ ఇసాక్ 'సెతిత్' అనే పత్రిక నడిపేవాడు. సంస్కరణలు కావాలన్నవాళ్ల లేఖలు అచ్చువేశాడు. 2001 సెప్టెంబర్‌లో ప్రైవేటు పత్రికలన్నీ మూసేసి అతన్ని తీసుకుపోయారు. ఇరవయ్యేళ్లు దాటినా కోర్టు లేదు, తీర్పు లేదు. చైనాలో లియు షియావొబోకు ప్రజాస్వామ్యం కోరినందుకు 2009లో పదకొండేళ్ల శిక్ష వేశారు. 2010లో నోబెల్ శాంతి బహుమతి వస్తే ఓస్లో వేదిక మీద ఖాళీ కుర్చీకే గౌరవం దక్కింది. 2017లో కాపలా మధ్య ఆసుపత్రిలో చనిపోయాడు.

మన దేశం సంగతి మీకు తెలియంది కాదు. బాబాసాహెబ్ మనవరాలి భర్త, కులం మీద ఎన్నో పుస్తకాలు రాసిన ఆనంద్ తేల్తుంబ్డే 2020 ఏప్రిల్ 14న, సరిగ్గా అంబేద్కర్ జయంతి నాడు, లొంగిపోవాల్సి వచ్చింది. 2022 నవంబర్ 26న, రాజ్యాంగ దినోత్సవం నాడు, బెయిలు మీద బయటికొచ్చారు. విచారణ తేలకుండానే రెండున్నరేళ్లు పైన గడిచింది. అమలాపురంలో పుట్టిన ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబా చక్రాల కుర్చీలోనే ఏళ్ల తరబడి జైల్లో ఉన్నారు, అక్కడే కవితలు రాశారు. 2024 మార్చిలో హైకోర్టు నిర్దోషి అంది. అక్టోబర్‌లో హైదరాబాద్‌లో కన్నుమూశారు.

వీళ్లలో కొందరి రాజకీయాలు మనకు కుదరవు. బుద్ధుడా మార్క్సా అన్నచోట మనం ఎటు నిలబడ్డామో అందరికీ తెలుసు. అయినా ఒక మనిషి తరఫున అడగడానికి అతనితో ఏకీభవించనక్కర్లేదు. అతను ఏం చేశాడో రుజువు చేయండి, విచారణ జరపండి, రాసినదాన్ని నేరం చేయకండి అనడానికి ఇంత న్యాయబుద్ధి చాలు.

మనకోసం ఎవరొచ్చారు?

ఇక్కడ మీలో ఒకరు లేచి అడుగుతారు, అడగాలి కూడా. మన పెద్దల చేతికి పలకే ఇవ్వనప్పుడు ఈ రచయితలంతా ఎక్కడున్నారు? మనకోసం ఎవరు ఉత్తరాలు రాశారు?

నిజమే. ఊరి మాటను చాటింపు వేసింది మన డప్పే. ఆ చాటింపులో మన మాట ఒక్కటీ లేదు. 1920 జనవరి 31న బాబాసాహెబ్ 'మూక్‌నాయక్' మొదలుపెట్టినప్పుడు, డబ్బు కడతామన్నా 'కేసరి' పత్రిక దాని ప్రకటన వేయలేదు. తన రాతలకు తిలక్ మాండలే జైల్లో ఆరేళ్ల శిక్ష అనుభవించినది కూడా ఆ 'కేసరి' కోసమే. జైలు రుచి చూసిన పత్రికే ఇంకొకరి నోటికి గడియ పెట్టింది. 1936లో లాహోర్ జాత్‌పాత్ తోడక్ మండల్ బాబాసాహెబ్‌ను ఉపన్యాసానికి పిలిచి, రాసింది చూశాక మార్చమంది. ఒక్క కామా కూడా మార్చనన్నారాయన. సభ రద్దయింది. సొంత ఖర్చుతో 1500 ప్రతులు అచ్చువేసి జనం ముందు పెట్టారు. అదే 'కులనిర్మూలన'.

కాబట్టి నోరు నొక్కడానికి జైలొక్కటే దారి కాదని మనకన్నా బాగా ఎవరికి తెలుసు? దీన్నుంచి రెండు పాఠాలు తీయొచ్చు. వాళ్లు రాలేదు గనక మేమూ రాం అన్నది 'కేసరి' పాఠం. ఆ నొప్పి మాకు తెలుసు గనక మేం వస్తాం అన్నది ధమ్మం పాఠం. మైత్రి అప్పు కాదు, ఇచ్చిపుచ్చుకునే లెక్క అందులో లేదు.

ఇంకో మాటా వస్తుంది. మన జైళ్లలో నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలే, పేదలే ఎక్కువ. రచయితల గురించే ఎందుకంటారు? రచయిత ప్రాణం కూలివాడి ప్రాణం కన్నా గొప్పదేమీ కాదు. కానీ కూలివాడికి జరిగింది బయటికి చెప్పేవాడు జైలుకు పోతే, ఆ కూలివాడు రెండోసారి జైలుకు పోయినట్టు. ఒక్క కవిని పట్టుకుపోతే వందమంది రాసుకున్న కాగితాలు చింపేసుకుంటారు.

ఏ మాటైనా సరేనా?

అలాగని నోటికొచ్చిందల్లా కాపాడాలా? కులం పేరు పెట్టి తిట్టేవాడూ మాటే అంటున్నాడు గదా? 1989 అత్యాచారాల నిరోధక చట్టం మనం కొట్లాడి తెచ్చుకున్నది. దాన్ని వదులుకోమని నేననను. 1994లో రువాండాలో ఒక రేడియో టుట్సీలను పురుగులని పిలిచి చంపమని రెచ్చగొట్టింది. దాని వెనకున్నవాళ్లను 2003లో అంతర్జాతీయ ట్రిబ్యునల్ శిక్షించింది. సరైన పనే.

తేడా పట్టుకోవడానికి మూడు ప్రశ్నలు చాలు. ఆ మాట పైనున్న అధికారాన్ని అడుగుతోందా, కింద పడినవాణ్ణి తొక్కుతోందా? మనిషి చేసిన పనిని తప్పుపడుతోందా, పుట్టిన పుట్టుకనా? ఆలోచించమంటోందా, చెయ్యెత్తమంటోందా? సత్కుమార కథనూ, విరాతు ఉపన్యాసాన్నీ ఈ మూడింటి ముందు పెట్టి చూడండి. ఎవరు జైలుకు పోయారో, ఎవరికి బిరుదొచ్చిందో చూడండి. లోకం ఎంత తలకిందులుగా ఉందో తెలుస్తుంది.

మనం చేయగలిగింది

1921లో లండన్‌లో పుట్టిన పెన్ అనే రచయితల సంఘం 1960 నుంచి జైలు రచయితల కోసం ప్రత్యేకంగా ఒక కమిటీ నడుపుతోంది. 1981 నుంచి ఏటా నవంబర్ 15ను బందీ రచయితల దినంగా జరుపుతున్నారు. సభలో ఒక ఖాళీ కుర్చీ వేసి, అక్కడ కూర్చోవలసిన మనిషి గురించి చెబుతారు. ఇదేమీ ఖర్చుతో కూడిన పని కాదు. ఆ వారం మన విహారంలోనూ ఒక కుర్చీ వేయండి. ఒక్క రచయితను ఎంచుకోండి. అతను రాసింది దొరికితే పిల్లల చేత గట్టిగా చదివించండి. ఢిల్లీలోని ఆ దేశ రాయబారికి పది ఉత్తరాలు రాయండి. పేరు, అరెస్టయిన తేదీ, అడిగేది ఏమిటో రెండు ముక్కల్లో ఉండాలి, మర్యాదగా ఉండాలి. ఖైదీకే రాస్తే క్షేమం అడగండి చాలు, అతనికి కొత్త చిక్కు తెచ్చే మాట వద్దు. రుజువు లేని ఫోన్ మెసేజీలు పంచకండి. నిజం కోసం నిలబడుతూ అబద్ధం మోస్తే నాలుగో శీలం మన చేతిలోనే పోతుంది. మన ఊరి జైల్లో, మన జిల్లాలో ఉన్నవాళ్లను మర్చిపోకండి. వాళ్ల ఇంటికి వెళ్లి పిల్లల చదువు ఎలా ఉందని అడగడం కూడా ఈ పనిలో భాగమే.

దీనివల్ల తలుపులు తెరుచుకుంటాయా? కొన్నిసార్లు తెరుచుకున్నాయి. దావిత్ ఇసాక్ విషయంలో ఇంకా తెరుచుకోలేదు. ఫలితం దొరికితేనే కరుణ చూపుతామంటే అది కరుణ కాదు, బేరం. జైలు పెట్టేవాడు కోరుకునేది ఒక్కటే, ఆ పేరు జనం నోట్లోంచి పోవాలని. మనం ఆ పేరు పలికినంతకాలం అతని పని పూర్తికాదు.

వచ్చే ఆదివారం నాలుగో శీలం పలికేటప్పుడు, నోరు తెరిచే హక్కు లేక ఆ గంటలో ఏదో గదిలో కూర్చున్న మనిషిని ఒక్కసారి తలుచుకోండి. వందన అయ్యాక ఒక ఉత్తరం రాయండి.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.