దేవుడు కళ్ళు పోగొడతాడా?

ఈసారి స్తోత్రం అర్థమో, వ్రత విధానమో కాకుండా మా ఇంట్లో జరిగిన ఒక విషయం రాస్తున్నాను. చిన్న విషయమే. కానీ చాలా రోజులు నన్ను పట్టుకుని వదల్లేదు.

శ్రావణ పౌర్ణమికి ముందొచ్చే శుక్రవారం. ఇంట్లో వరలక్ష్మీ వ్రతం. హైదరాబాద్‌లో మాది రెండు బెడ్‌రూముల ఫ్లాట్. పూజ గది అంటూ వేరే లేదు, హాల్లోనే ఒక మూల దేవుడి మందిరం, దాని ముందు పీట. మా ఆవిడ తెల్లవారుజామున నాలుగింటికే లేచింది. పులిహోర, పరవాన్నం, గారెలు, పూర్ణం బూరెలు, అన్నీ అయ్యాయి. తను కలశానికి చీర కడుతోంది. తెనాలి దగ్గర మా ఊరి నుంచి వచ్చిన అమ్మ, దారానికి పసుపు రాసి తోరాలు కడుతోంది. నాకు అప్పగించిన పని రెండే రెండు: నైవేద్యం చూసుకోవడం, పాపని చూసుకోవడం.

పాపకి నాలుగేళ్ళు. పదకొండు దాటింది. పొద్దుట ఒక గ్లాసు పాలు తాగిందంతే. మేమేమో పూజ అయ్యాక తిందాం, తిందాం అంటూ రెండు గంటలు లాగాం. నేను ఫోన్‌లో ఆఫీసు మెసేజ్ చూసుకుని తలెత్తేసరికి, దాని చేతిలో సగం కొరికిన బూరె. బుగ్గలకంతా పూర్ణం.

"అయ్యో! అమ్మవారికి పెట్టకముందే తింటావా? కళ్ళు పోతాయ్! లెంపలేసుకో!" అన్నాను.

ఆలోచించి అన్న మాట కాదు. నోట్లోంచి దానంతట అదే వచ్చేసింది. నా చిన్నప్పుడు నేను విన్నదే. మీలో చాలామంది కూడా వినే ఉంటారు. పాప బూరె పళ్ళెంలో పెట్టేసి, లెంపలేసుకుని, రెండు చేతులతో కళ్ళు మూసుకుంది. ముద్దొచ్చి నవ్వుకున్నాం. ఆ కొరికిన బూరె తీసేసి, వేరే పళ్ళెంలో మళ్ళీ సర్ది, పూజ పూర్తి చేశాం. ప్రసాదం పెడితే మాత్రం పాప బూరె ముట్టుకోలేదు. అలిగిందేమో అనుకున్నాం.

రాత్రి పడుకునేటప్పుడు నా చెవి దగ్గరకొచ్చి, "నాన్నా, నాకింకా కనిపిస్తోంది" అంది.

అంటే పొద్దుటి నుంచీ ఎప్పుడు కళ్ళు పోతాయా అని చూసుకుంటోందన్నమాట. నాకు చివుక్కుమంది. "ఏం కాదులే తల్లీ, పడుకో" అని జోకొట్టాను. అక్కడితో అయిపోయిందనుకున్నాను.

మర్నాడు రాత్రి అమ్మ మంచం మీద పడుకుని కంట్లో చుక్కలు వేయించుకుంటోంది. అమ్మకి నీటికాసులు. కంట్లో ఒత్తిడి పెరిగి, చూపు నరం మెల్లమెల్లగా దెబ్బతినే జబ్బు అది. పోయిన చూపు మళ్ళీ రాదు. చుక్కలు వేసుకుంటే ఉన్న చూపు నిలబడడానికి అవకాశం ఉంటుంది. అమ్మకి నొప్పి లేదు, ఏమీ లేదు. మేం కనిపెట్టేసరికే ఎడమ కన్ను పోయింది. ఇప్పుడు కుడి కన్నుని కాపాడుకుంటున్నాం.

పాప మంచం పక్కన నిలబడి కాసేపు చూసి అడిగింది: "నానమ్మా, నువ్వు కూడా అమ్మవారి కంటే ముందే బూరె తినేశావా?"

నా చేతిలో చుక్కల సీసా అలాగే ఉండిపోయింది. మా ఆవిడ నా వైపు చూసింది. అమ్మే ముందు తేరుకుంది. "అవునే బంగారూ, నీ అంత ఉన్నప్పుడు బోలెడుసార్లు తిన్నాను. దానికి కాదు కన్ను పోయింది. డాక్టరు దగ్గరకి వేళకి వెళ్ళలేదు, అందుకు" అని నవ్వేసింది. పాప కూడా నవ్వింది.

పాప నిద్రపోయాక బాల్కనీలో కూర్చున్నాం. అమ్మ అప్పుడు చెప్పింది: "కన్ను పోయిన కొత్తలో మన ఊళ్ళో ఒకావిడ పలకరించడానికొచ్చి, ఏ జన్మలో చేసిన పాపమో అమ్మా అని వెళ్ళింది. ఆవిడని ఏం అనుకుంటాం? నాకే రాత్రిళ్ళు నిద్రపట్టేది కాదురా. ఏం తప్పు చేశానా, ఏ నోము మధ్యలో వదిలేశానా అని వెతుక్కునేదాన్ని. అయినా నీకు ఆ మాట నేర్పింది నేనేగా. మా అమ్మ నాకు నేర్పింది."

ఆ మాట విన్నాక నాకు విషయం పూర్తిగా అర్థమైంది. పాపని బూరె తినకుండా ఆపడానికి నేను ఒక వాక్యం వాడాను. కానీ దానికి నేర్పింది ఒక్క వాక్యం కాదు, రెండు. మొదటిది, తప్పు చేస్తే దేవుడు దెబ్బ కొడతాడు. రెండోది నేను అనలేదు, అదే లెక్క కట్టుకుంది. ఎవరికైనా దెబ్బ తగిలిందంటే వాళ్ళు తప్పు చేసినట్టే. నాలుగేళ్ళ పిల్లకి అర్థమైన ఈ లెక్క నాకు ముప్పై ఆరేళ్ళకి కూడా తట్టలేదు.

ఈ రెండో వాక్యమే ప్రమాదం. అది మనసులో ఉండిపోతే, రేపు వీల్‌చైర్‌లో ఒకరు కనిపిస్తే జాలి కంటే ముందు అనుమానం పుడుతుంది. రేపు తనకే కష్టమొస్తే, దేవుడి దగ్గరకి పరుగెత్తాల్సిన సమయంలో దేవుడి నుంచి దాక్కుంటుంది. అమ్మ ఆ రాత్రులన్నీ చేసింది అదే కదా. కన్ను పోయిన బాధకి తోడు, అమ్మవారికి తన మీద కోపమేమో అన్న బాధ. మొదటిది జబ్బు ఇచ్చింది. రెండోది మనం ఇచ్చాం.

మీలో కొందరికి ఇక్కడ ఒక సందేహం రావచ్చు. మరి కర్మ సిద్ధాంతం మాటేమిటి? చేసిన దానికి ఫలితం ఉండదా? ఉంటుందనే నేనూ నమ్ముతాను. కానీ గీత నాలుగో అధ్యాయంలో కర్మ గతి తెలుసుకోవడం చాలా కష్టమని సాక్షాత్తూ కృష్ణుడే అంటాడు. ఆయనే అంత లోతైనదన్న విషయాన్ని, కాఫీ తాగుతూ మనం మా అమ్మ కన్ను మీద తేల్చేస్తే ఎలా? కర్మ అన్న మాట నా నడవడిక నేను చూసుకోవడానికి. ఎదుటివాళ్ళ కష్టాన్ని కొలిచే టేపు కాదది.

ఇంకో సందేహం మా ఆవిడే అడిగింది. "భయం లేకపోతే పిల్లలు మాట వింటారా? అసలు మనం భయభక్తులు అనే కదా అంటాం?" మంచి ప్రశ్న. నాకు వెంటనే జవాబు దొరకలేదు. రెండు రోజులు ఆలోచిస్తే భాగవతంలో యశోదమ్మ గుర్తొచ్చింది.

దశమ స్కంధంలో ఆ కథ మనందరికీ తెలిసిందే. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని, పాలు తాగుతున్న కృష్ణుణ్ణి దించేసి యశోద లోపలికి పరుగెడుతుంది. ఆయనకి కోపమొచ్చి కుండ పగలగొట్టి, వెన్న కోతులకి పంచిపెడతాడు. ఆవిడ కర్ర పట్టుకుని వెంటపడుతుంది. దొరుకుతాడు. ఏడుస్తూ కళ్ళు నులుముకుంటుంటే కాటుకంతా చెరిగిపోతుంది. అప్పుడు యశోద ఏం చేసిందో చూడండి. పిల్లవాడు భయపడ్డాడని తెలియగానే కర్ర అవతల పారేసింది. కానీ ఊరుకోలేదు. తాడు తెచ్చి రోటికి కట్టింది. రెండు అంగుళాలు తక్కువైనా, ఇంకో తాడు ముడేసి మరీ కట్టింది.

కర్ర పారేసింది, తాడు వదల్లేదు. నాకు కావలసిన జవాబు అందులో దొరికింది. పిల్లలకి హద్దు ఉండాలి. ఆ హద్దుకి భయం కాపలా ఉండనక్కర్లేదు. అదే కథని ప్రథమ స్కంధంలో కుంతీదేవి తలుచుకుంటుంది. భయానికే భయం పుట్టించే నువ్వు అమ్మ ముందు భయంతో తలదించుకుని నిలబడ్డావే అని ఆశ్చర్యపోతుంది. యుద్ధం చూసి, మనవల్ని పోగొట్టుకున్న ఆ తల్లికి కూడా మరిచిపోలేని దృశ్యం, భయపడిన ఒక పసివాడి ముఖం.

గీత పదహారో అధ్యాయంలో దైవీ సంపద లెక్కపెడుతూ కృష్ణుడు మొట్టమొదట చెప్పిన గుణం కూడా అభయమే. మనమేమో దేవుడి పరిచయమే భయంతో మొదలుపెడుతున్నాం.

"పొయ్యి దగ్గరకి వెళ్ళకు, కాలుతుంది" అంటే అది నిజం. చెప్పి తీరాలి. "దేవుడు కళ్ళు పోగొడతాడు" అన్నది నిజం కాదు. నా ఓపిక అయిపోయిన చోట దేవుణ్ణి పోలీసుగా నిలబెట్టానంతే. నిజానికి ఆ రోజు తప్పెవరిది? పదకొండు దాటేవరకు పిల్లకి తిండి పెట్టని మాది.

అందుకే ఇంట్లో రెండు మార్పులు చేసుకున్నాం. పండగ రోజు పాపకి పొద్దున్నే ఇడ్లీయో, పెరుగన్నమో కడుపునిండా పెట్టేస్తున్నాం. ఉపవాసం పెద్దవాళ్ళకి, పసిపిల్లలకి కాదు. రెండోది, ముందు ఎందుకు తినకూడదో నిజం చెబుతున్నాం. నివేదన అంటే తెలియజేయడం. "ఇంటికి చుట్టాలొస్తే ముందు వాళ్ళకి పెట్టి తర్వాత మనం తింటాం కదా? అలాగే, అమ్మా, నువ్విచ్చిన దాంతో ఇవి వండుకున్నాం, చూడు అని ముందు ఆవిడకి చెబుతాం. తర్వాత అందరం తింటాం." గంట కొట్టే పని పాపకిచ్చాం. హద్దు అలాగే ఉంది. ఒకసారి గారె మీద చెయ్యేసింది. "ఆగు, ఇంకా చెప్పలేదుగా" అన్నాను. చెయ్యి తీసేసింది. లెంపలు వేసుకోలేదు.

అంతా మారిపోయిందని అననండి. మొన్న అన్నం తినకుండా సతాయిస్తుంటే "బూచాడొస్తాడు" అన్నాను. పాత అలవాట్లు నాలుక చివరే ఉంటాయి.

కానీ ఒక సంగతి చెప్పి ముగిస్తాను. మా మందిరంలో లక్ష్మీదేవి పటం ఉంది. పై చేతుల్లో పద్మాలు, కింద కుడి చెయ్యి అరచేయి మన వైపు చూపిస్తూ ఎత్తి ఉంటుంది. ఒకరోజు దీపం పెడుతుంటే పాప అడిగింది: "నాన్నా, అమ్మవారు కొట్టడానికి చెయ్యెత్తిందా?"

ఇన్నేళ్ళుగా అభయహస్తం గురించి వీడియోల్లో చెబుతున్నాను. నా కూతురికి మాత్రం అది లెంపకాయలా కనిపించింది. పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాను: "కాదు తల్లీ. భయపడకు, నేనున్నాను అని చెప్పడానికి ఎత్తింది."

ఆ రాత్రి అమ్మకి చుక్కలు వేస్తుంటే పాప వచ్చి, మంచం పక్కన నిలబడి, కుడి అరచేయి ఎత్తి చూపించింది. "నానమ్మా, భయపడకు" అంది. అమ్మ ఆ చేతిని తీసుకుని కన్నుకి అద్దుకుంది.

ఈసారి పండక్కి మీ ఇంట్లో కూడా పిల్లలు నైవేద్యం మీద చెయ్యి వేస్తారు. వెయ్యకుండా ఉండరు. అప్పుడు నోటిదాకా వచ్చే ఆ పాత మాటని ఒక్క క్షణం ఆపి చూడండి. ముందు వాళ్ళు ఏమైనా తిన్నారా అని అడగండి.

శుభం.