కంచు స్వరూపము, సజీవ స్వరూపము



చెన్నై మెరీనా తీరమున రోడ్డు వెంబడి వరుసగా శిల్పములు నిలిచి ఉన్నవి. టికెట్టు లేదు, తలుపులు లేవు, ఎవరైనను చూడవచ్చును. ఒక శనివారము సాయంత్రము మా సంఘ యౌవనస్థులను అక్కడికి తీసికొని వెళ్లాను. బయలుదేరుచుండగా మా సంఘ పెద్ద ఒకరు, "పిల్లల్ని విగ్రహాల దగ్గరికి తీసుకుపోతావా, తమ్ముడూ?" అన్నారు.

ఆ మాట త్రోసివేయదగినది కాదు. జాతరలో డప్పు కొట్టమని చెప్పినందుకు ఊరిలో కష్టములు పడిన పితరుల సంతానము మనము. అయితే వాక్యము ఏమి చెప్పుచున్నది? నిర్గమకాండము 20వ అధ్యాయములో విగ్రహమును చేసికొని దానికి సాగిలపడకూడదని ఆజ్ఞ ఉన్నది. అదే గ్రంథము 31వ అధ్యాయములో దేవుడు బెసలేలును తన ఆత్మతో నింపి, బంగారము, వెండి, ఇత్తడి పనులలో నేర్పు దయచేసెను. మోషే చేసిన ఇత్తడి సర్పము దేవుడు చెప్పగా చేసినదే. తరువాత ప్రజలు దానికి ధూపము వేసినందున హిజ్కియా దానిని పగులగొట్టెను (2 రాజులు 18:4). ఇత్తడి మారలేదు, దానిని చూచిన మనస్సు మారినది. కాబట్టి శిల్పమును చూచుట పాపము కాదని పిల్లలకు చెప్పాను. అంతటితో ప్రశ్న తీరినదని అనుకొన్నాను.

అక్కడ 1968లో ప్రపంచ తమిళ మహాసభ సందర్భమున నిలిపిన విగ్రహములలో పోప్, కాల్డ్‌వెల్, వీరమామునివర్ ఉన్నారు. ముగ్గురూ సువార్త కొరకు వచ్చి తమిళ భాషకు సేవ చేసినవారు. వారిని చూచి శ్రామికుల శిల్పము దగ్గరకు వచ్చాము. మద్రాసు చిత్రకళాశాల ప్రిన్సిపాలుగా ఉండిన దేవీప్రసాద్ రాయ్ చౌధురి చేసిన ఈ కంచు శిల్పమును 1959లో ఇక్కడ నిలిపారు. నలుగురు కూలీలు పెద్ద బండను కదల్చుచున్నారు. ఒక అమ్మాయి, "అంకుల్, వీళ్ల పేర్లేమిటి?" అని అడిగినది. పేర్లు లేవు.

ఆ మాటతో నాకు మన పితరులు జ్ఞాపకము వచ్చారు. ఆ తీరమునకు కొద్ది దూరములోనే బకింగ్‌హామ్ కాలువ ఉన్నది. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొరగారు ఆ కాలువలో మూడు మైళ్లకు పైగా త్రవ్వకపు పనిని కాంట్రాక్టు తీసికొని, ఆకలితో ఉన్నవారికి కూలి ఇప్పించారు. 1878 జూలై 3న ఒక్క దినమే 2,222 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మము పొందారు. ఆ మట్టి మోసినవారికి శిల్పము లేదు. ఈ సంగతి పిల్లలకు చెప్పుచుండగా నా కండ్లు చెమ్మగిల్లినవి.

తరువాత ఫోటో తీసికొనవలెనని అందరినీ శిల్పము ముందు నిలబెట్టాను. అక్కడ ఒక స్త్రీ ఊడ్చుచున్నది. ఆమె ఫోటోలో పడుచున్నదని, పక్కకు పొమ్మని చేయి ఊపాను. "పోతన్నానయ్యా" అని తెలుగులోనే చెప్పి, చీపురు తీసికొని తొలగిపోయినది. శ్రామికుని కంచు బొమ్మ మాకు కావలెను. శ్రామికురాలు మాత్రము అడ్డము!

ప్రియులారా, దేవుడు తన స్వరూపమును రాతిలోను లోహములోను ఉంచలేదు, మనుష్యునియందు ఉంచెను (ఆదికాండము 1:27). జీవము లేనిదానికి దేవుని ఘనతను ఇచ్చుట విగ్రహారాధన. జీవముగల ఆ స్వరూపమును లెక్కచేయకుండుట అంతకంటె చిన్న పాపమా? దేవుని స్తుతించు నోటితోనే ఆయన పోలికెగా చేయబడినవారిని శపించుట తగదని యాకోబు హెచ్చరించెను (3:9, 10). నేను నోటితో కాదు, చేతితో చేశాను. విగ్రహములకు మ్రొక్కము అని మనము ధైర్యముగా చెప్పుకొందుము. మన ఆలయములో ముందు బల్ల మీద కూర్చుండువారి పేర్లు మనకు తెలియును. ఆలయము ఊడ్చువారి పేరు తెలియునా?

మరునాడు ఆరాధన తరువాత ఈ సంగతి ఆ పెద్దాయనకు చెప్పాను. ఆయన కొంతసేపు ఊరకుండి, "శిల్పానికి మొక్కలేదు, మంచిదే. ఆ తల్లిని క్షమించమని అడిగావా?" అన్నారు.

అడుగలేదు. ఆమె పేరైనను అడుగలేదు.

తన స్వరూపమును గుర్తుపట్టు కండ్లను ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.